వాంపైర్: తేలిక చెక్కతో చేసిన జెట్ ఫైటర్
(ఒక సాయంత్రం విమాన చరిత్ర ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. వెనక వరుసలో ఉన్నవాళ్లకి వినబడుతోందా? సరే.

జెట్ ఫైటర్ అనగానే మనకు మిగ్-21 గుర్తొస్తుంది, సుఖోయ్ గుర్తొస్తుంది, ఈ మధ్య రఫేల్, తేజస్. కాస్త పెద్దవాళ్లు హంటర్, నాట్ అంటారు. వాంపైర్ అనేవాళ్లు చాలా తక్కువ. భారత వైమానిక దళం నడిపిన మొట్టమొదటి జెట్ అది. 1948 చివర్లో మన దేశానికి వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చి ఏడాది దాటి కొద్ది నెలలే అయింది. ఆసియాలో ఇంకెవరి వైమానిక దళం దగ్గరా అప్పటికి జెట్ స్క్వాడ్రన్లు లేవు. అంత ముందుగా వచ్చిన విమానం పదిహేడేళ్ల తర్వాత ఒక సాయంత్రం నాలుగు పోగొట్టుకుని యుద్ధరంగం నుంచి తప్పుకోవలసి వచ్చింది. దీన్ని గొప్ప యుద్ధవిమానం అని పొగడటానికి నేను రాలేదు. నా దృష్టిలో ఇది గొప్ప గురువు. యుద్ధానికి పంపకూడని రోజున పంపారు, అంతే. ఎందుకు అలా అంటున్నానో చెబుతాను.

కథ ఇంగ్లండులో మొదలవుతుంది. 1941 మే నెలలో ఫ్రాంక్ విటిల్ అనే బ్రిటిష్ ఇంజినీర్ చేసిన జెట్ ఇంజిన్‌తో గ్లాస్టర్ కంపెనీ చేసిన చిన్న ప్రయోగ విమానం ఎగిరింది. జర్మన్లు అంతకు ముందే, 1939 ఆగస్టులోనే హైంకెల్ 178ని ఎగరేశారు. బ్రిటిష్ వాళ్లకి తొందర పుట్టింది. అయితే విటిల్ ఇంజిన్ ఒక్కొక్కటి ఇచ్చే శక్తి తక్కువ. అందుకే గ్లాస్టర్ వాళ్ల మీటియర్‌కి రెండు ఇంజిన్లు పెట్టారు. ఇక్కడ ఫ్రాంక్ హాల్ఫర్డ్ అనే ఇంజిన్ డిజైనర్ వచ్చాడు. వాంపైర్‌ని తయారు చేసిన డి హావిలాండ్ కంపెనీతో కలిసి పనిచేసేవాడు. ఒకే పెద్ద ఇంజిన్ చేస్తే ఒకే ఇంజిన్‌తో ఫైటర్ తయారవుతుంది కదా అని ఆయన లెక్క. విటిల్ ఇంజిన్‌లో గాలి ముందుకూ వెనక్కూ మెలికలు తిరిగి మండేది. హాల్ఫర్డ్ దాన్ని తిన్నగా వెనక్కి పోనిచ్చాడు. గాలిని కూడా కంప్రెసర్‌కి (గాలిని నొక్కి కుదించే భాగానికి) ఒక వైపు నుంచే తీసుకున్నాడు. ఆ ఇంజిన్ 1942 ఏప్రిల్‌లో మొదటిసారి నేల మీద నడిచింది. తర్వాత దానికి గోబ్లిన్ అని పేరు పెట్టారు.

తమాషా ఏమిటంటే, ఆ ఇంజిన్ ముందుగా ఎగిరింది వాంపైర్‌లో కాదు, దాని పోటీదారైన మీటియర్‌లో. 1943 మార్చి 5న మీటియర్ మొదటిసారి ఎగిరినప్పుడు దానికి పెట్టాలనుకున్న విటిల్ తరహా ఇంజిన్లు సిద్ధంగా లేవు. హాల్ఫర్డ్ ఇంజిన్లు అరువు తెచ్చి పెట్టారు. వాంపైర్ వంతు ఆ తర్వాత ఆరు నెలలకు వచ్చింది. 1943 సెప్టెంబర్ 20న, హాట్‌ఫీల్డ్‌లో, కంపెనీ యజమాని కొడుకు జెఫ్రీ డి హావిలాండ్ జూనియరే దాన్ని నడిపాడు. అప్పటికి దాని పేరు స్పైడర్ క్రాబ్. ఆ పేరు మార్చినవాళ్లకి మనం రుణపడి ఉండాలి. (నవ్వులు)

ఇప్పుడు బొమ్మ చూడండి. పొట్టి మధ్య భాగం. దాని వెనక నుంచి ఇంజిన్ మంట బయటికి వస్తుంది. రెక్కల నుంచి రెండు సన్నటి కాడలు, వీటినే బూమ్‌లు అంటారు, వెనక్కి వెళ్లి తోకను పట్టుకుంటాయి. అందం కోసం ఇలా చేశారనుకునేవాళ్లున్నారు. కారణం చాలా మామూలుది. ఇంజిన్ నుంచి వచ్చే వేడి గాలి పొడుగాటి గొట్టంలో ప్రయాణిస్తే దారిలోనే బలం పోగొట్టుకుంటుంది. కట్టెల పొయ్యి ఊదుగొట్టం రెండు బారలు ఉంటే ఎంత ఊదినా నిప్పు రాజుకోదు కదా, అలాగే. ఆ రోజుల్లో ఇంజిన్ శక్తి తక్కువ. మొదటి వాంపైర్లకి దాదాపు 2,700 పౌండ్ల థ్రస్ట్ (ముందుకు తోసే బలం) వచ్చేది, అంటే సుమారు 1,225 కిలోలు. అందులో కొంచెం పోయినా బాధే. కాబట్టి తోకను మధ్య భాగానికి తగిలించకుండా రెండు బూమ్‌ల మీద పెట్టి, గొట్టాన్ని పొట్టిగా ఉంచారు. గాలి లోపలికి వెళ్లే ద్వారాలు కూడా రెక్కల మొదట్లోనే. ముక్కు కింద నాలుగు 20 మిల్లీమీటర్ల హిస్పానో ఫిరంగులు. ఈ లేఅవుట్‌కి ఇంకో ఫలితం కూడా ఉంది, అది తర్వాత చెబుతాను, బాధ కలిగించే విషయం.

చెక్క సంగతి. డి హావిలాండ్ వాళ్లకి చెక్కతో పని బాగా తెలుసు. రెండో ప్రపంచ యుద్ధంలో ప్రసిద్ధికెక్కిన మస్కిటో బాంబర్ అంతా చెక్కే. వాంపైర్ డిజైనర్ రొనాల్డ్ బిషప్, మస్కిటో డిజైనర్ కూడా ఆయనే. వాంపైర్‌లో రెక్కలు, బూమ్‌లు, తోక లోహం. పైలట్ కూర్చునే మధ్య భాగం మాత్రం ప్లైవుడ్, మధ్యలో బాల్సా, మళ్లీ ప్లైవుడ్, అచ్చు మీద అంటించి చేశారు. బాల్సా చెక్క చేతిలోకి తీసుకుంటే ఏమీ పట్టుకున్నట్టు అనిపించదు, అంత తేలిక. గంటకి 800 కిలోమీటర్లు దాటి వెళ్లే విమానంలో పైలట్ చెక్కపెట్టెలో కూర్చుని ఉన్నాడన్నమాట. వినడానికి టెన్షన్‌గా ఉంటుంది గానీ, అది గట్టిగానే ఉండేది.

యుద్ధం అయిపోతుండగా మొదటి ఫ్యాక్టరీ వాంపైర్ బయటికి వచ్చింది. 1945 ఏప్రిల్‌లో ఎగిరింది. ఐరోపాలో యుద్ధం మే నెలలో ముగిసింది. జర్మన్ల మెసర్‌ష్మిట్ 262 ఈలోగా ఆకాశంలో పోరాడింది, మీటియర్ కూడా 1944 జులై నుంచి సేవలో ఉంది. వాంపైర్ ఒక్క జర్మన్ విమానాన్ని కూడా చూడలేదు. అందుకే యుద్ధ చరిత్ర రాసేవాళ్లు దీన్ని రెండు వాక్యాల్లో తేల్చేస్తారు.

కానీ ఒక విషయం వాళ్లు మర్చిపోతారు. అమెరికా మొదటి పనికొచ్చే జెట్ ఫైటర్ పీ-80 ఎగరడానికి వాంపైర్ ఇంజినే ఆధారం. అక్కడి లాక్‌హీడ్ కంపెనీలో కెల్లీ జాన్సన్ బృందం దాని ప్రోటోటైప్‌ని, అంటే మొదటి నమూనాని, 143 రోజుల్లో తయారు చేసింది. ఇంగ్లండు నుంచి గోబ్లిన్ ఇంజిన్ పంపారు. 1943 నవంబర్‌లో నేల మీద పూర్తి శక్తితో నడిపి చూస్తుంటే విమానం గాలి ద్వారాల లోపలి గోడలు కూలి ఇంజిన్‌లోకి పోయాయి. కంప్రెసర్ దెబ్బతింది. ఇంకో ఇంజిన్ కావాలి, ఎక్కడుంది? రెండో వాంపైర్ ప్రోటోటైప్ కోసం పెట్టుకున్నది తీసి పంపేశారు. 1944 జనవరి 8న పీ-80 ఎగిరింది. తన సొంత విమానాన్ని ఆలస్యం చేసుకుని ఇంకొకరి విమానం ఎగరడానికి ఇంజిన్ ఇవ్వడం మామూలు మాట కాదు.

యుద్ధం తర్వాత వాంపైర్ ఏం చేసిందో చూస్తే ఎక్కువగా "మొదటిసారి" అన్న మాటే వినిపిస్తుంది. 1945 డిసెంబర్ 3న ఎరిక్ బ్రౌన్ అనే నౌకాదళ టెస్ట్ పైలట్ సీ వాంపైర్ అనే నౌకాదళ రకాన్ని హెచ్ఎంఎస్ ఓషన్ నౌక డెక్ మీద దించాడు. విమానవాహక నౌక మీద పూర్తి జెట్ దిగి మళ్లీ ఎగరడం అదే మొదలు. ఎంత కష్టమో మీకు అర్థం కావాలంటే అప్పటి జెట్ ఇంజిన్ స్వభావం తెలియాలి. పిస్టన్ ఇంజిన్‌లో థ్రాటిల్ తోస్తే ప్రొపెల్లర్ వెంటనే లాగుతుంది. జెట్‌లో తోశాక ఇంజిన్ వేగం పుంజుకోవడానికి సెకన్లు పడుతుంది. డెక్ మీదికి వస్తున్నప్పుడు "అయ్యో, పైకి లేవాలి" అనుకున్న క్షణంలో ఇంజిన్ "ఉండండి, వస్తున్నా" అంటుంది. అందుకని ముందే ఆలోచించి దిగాలి.

ఈ బ్రౌన్ చేసిన ఇంకో పని నాకు చాలా ఇష్టం. జెట్‌కి ప్రొపెల్లర్ లేదు కాబట్టి పొట్టమీద దిగినా ఏమీ విరగదు కదా, అయితే చక్రాలు ఎందుకు, ఆ బరువు ఎందుకు అని ఒక ఆలోచన పుట్టింది. డెక్ మీద గాలి నింపిన రబ్బరు పరుపు వేశారు. చక్రాలు పైకి మడిచి, వాంపైర్‌ని దాని మీద పడేయడమే. ఫార్న్‌బరోలో 1947 చివర్లో చేసిన మొదటి ప్రయత్నంలో విమానం దెబ్బతింది, ఆయన బతికాడు. 1948 నవంబర్‌లో హెచ్ఎంఎస్ వారియర్ మీద విజయవంతంగా దింపాడు. కానీ దిగిన ప్రతి విమానాన్నీ క్రేనుతో ఎత్తి పక్కకి పెట్టాలి. చక్రాలు లేని విమానాన్ని ఎవరు తోస్తారు చెప్పండి? అలా ఆ ఐడియా అటకెక్కింది. ఇలాంటి ఆలోచనలని ఊరికే నవ్వేసి వదిలేయకూడదు. జెట్ యుగం మొదట్లో ఏది ముఖ్యం, ఏది కాదు అన్నది ఎవరికీ తెలియదు. ఒక్కొక్కటీ చేసి చూడాల్సిందే.

అదే 1948 జులైలో 54వ స్క్వాడ్రన్ వాంపైర్లు ఆరు అట్లాంటిక్ మహాసముద్రం దాటాయి. స్కాట్లండ్‌లోని స్టోర్నోవే నుంచి ఐస్‌లాండ్, అక్కడి నుంచి గ్రీన్‌లాండ్, అక్కడి నుంచి కెనడాలోని గూస్ బే. జెట్‌లు ఆ సముద్రం దాటడం అదే మొదటిసారి. వీటికి దారి చూపించడానికి మస్కిటోలు తోడు వెళ్లాయి. ఒక్క దెబ్బలో దాటే ఇంధనం లేదు. ఈ జెట్లకి ఇంధనం ఎప్పుడూ సమస్యే. పైలట్ గడియారం చూసుకుంటూ ఎగరాలి. అదే ఏడాది మార్చిలో డి హావిలాండ్ టెస్ట్ పైలట్ జాన్ కన్నింగ్‌హామ్ మార్పులు చేసిన వాంపైర్‌లో 59,446 అడుగుల ఎత్తుకి వెళ్లి రికార్డు పెట్టాడు. 18 కిలోమీటర్ల పైమాటే.

ఈ సంబరాల వెనక ఒక దుఃఖం ఉంది. మొదటి వాంపైర్ నడిపిన జెఫ్రీ జూనియర్ 1946 సెప్టెంబర్ 27న చనిపోయాడు. వాంపైర్ మధ్య భాగాన్నే వాడి, వెనక్కి వంగిన రెక్కలు పెట్టి, అడ్డ తోక లేకుండా డీహెచ్ 108 అనే ప్రయోగ విమానం చేశారు. శబ్ద వేగం దగ్గరికి వెళ్లి చూడాలని. థేమ్స్ నది సముద్రంలో కలిసే చోట అది ఆకాశంలోనే ముక్కలైపోయింది. వంగిన రెక్కలు ఎందుకు కావాలో అప్పటికి అందరికీ తెలుస్తోంది. వాంపైర్ రెక్కలు మాత్రం దాదాపు తిన్నగా ఉన్నాయి. అవి అలాగే ఉండిపోయాయి.

ఇక మన కథ. వాంపైర్లు మొదట 1948 నవంబర్‌లో వచ్చాయి. 1949లో 7వ స్క్వాడ్రన్ వీటికి మారింది. అంతకు ముందు వాళ్లు టెంపెస్ట్ నడిపేవారు. టెంపెస్ట్ అంటే ముక్కున పెద్ద పిస్టన్ ఇంజిన్, తోక చక్రం, నేల మీద ముక్కు పైకెత్తి కూర్చునే విమానం. ముందు ఏముందో పైలట్‌కి కనిపించేది కాదు. వాంపైర్‌లో కూర్చుంటే ఎదురుగా అంతా ఖాళీ. ముక్కు చక్రం ఉంది కాబట్టి బల్లపరుపుగా నిలబడుతుంది. ప్రొపెల్లర్ లేదు, కాబట్టి ఒక పక్కకి లాగే బాధ లేదు. అది సుఖం. కష్టం ఇంకోచోట. ప్రొపెల్లర్ లేని విమానం గ్యాస్ తగ్గించినా వేగం తొందరగా తగ్గదు. పాత అలవాటుతో వచ్చిన పైలట్ రన్‌వే చివరి దాకా వచ్చేసి ఇంకా గాల్లోనే ఉంటాడు. ఇవన్నీ నేర్పడానికి ఒక తరం పైలట్లకి దొరికిన బడి వాంపైర్.

తర్వాత బెంగళూరులో హిందుస్తాన్ ఎయిర్‌క్రాఫ్ట్ లిమిటెడ్ లైసెన్స్ తీసుకుని వాంపైర్లు తయారు చేయడం మొదలుపెట్టింది. ఇప్పటి హెచ్ఏఎల్‌కి అప్పటి పేరు అది. యుద్ధకాలంలో అమెరికా విమానాలకి రిపేర్లు చేసిన ఫ్యాక్టరీ. యుద్ధం అయ్యాక కాన్పూర్‌లో పడేసిన లిబరేటర్ బాంబర్లని బాగుచేసి ఎగిరేలా చేసిన మనుషులు. 1951లో హెచ్‌టీ-2 అని సొంత ట్రైనర్ (శిక్షణ విమానం) ఎగరేశారు. 1952కల్లా ఇక్కడి వాంపైర్లు ఎగురుతున్నాయి. ఎఫ్‌బీ 52 అనే రకం. ఎఫ్‌బీ అంటే ఫైటర్ బాంబర్. రెక్కల కింద బాంబులో రాకెట్లో మోసేది. వందల సంఖ్యలో చేశారు. ఒక జెట్ విమానాన్ని మన దేశంలో వరుసగా తయారు చేయడం అదే మొదలు. తర్వాత నాట్ వచ్చినా, మన దేశంలోనే రూపొందిన జెట్ ఫైటర్ మారుత్ వచ్చినా, ఈ పనివాళ్ల చేతులే. ఈ మాట మన దగ్గర సరిగా రాసినవాళ్లు తక్కువ. మారుత్ గురించి పుస్తకాలు రాస్తాం, దానికి ముందు పదేళ్లపాటు వాంపైర్ మీద చేతులు తిరిగిన మేస్త్రీల గురించి రాయం.

రాత్రి పూట ఎగిరే రకం కూడా కొన్నాం. ముక్కులో రాడార్, పక్కపక్కన ఇద్దరు. దాన్ని 10వ స్క్వాడ్రన్ నడిపింది. ఆ ఇద్దరు కూర్చునే పద్ధతి నుంచే డి హావిలాండ్ వాళ్లు సొంత ఖర్చుతో ట్రైనర్ తయారు చేశారు. 1950 నవంబర్‌లో ఎగిరింది. ఎగుమతి రకం టీ 55. గురువు, శిష్యుడు పక్కపక్కన. దాన్ని మన దగ్గర కూడా వాడారు. ఇక్కడే, హకీంపేటలో, జెట్ ట్రైనింగ్ నడిచింది. ఆ తరం ఫైటర్ పైలట్లు చాలామంది సికింద్రాబాద్ ఎండలో వాంపైర్ కాక్‌పిట్‌లో చెమటలు కక్కి జెట్ నడపడం నేర్చుకున్నవాళ్లే. చెమటలు అన్నది ఊరికే అనలేదు. ఉష్ణదేశాల్లో వాడకం కోసం బ్రిటిష్ వైమానిక దళం ఎఫ్‌బీ 9 అని కాక్‌పిట్‌కి చల్లటి గాలి పెట్టిన రకాన్ని ప్రత్యేకంగా చేయించుకుంది. అంటే సమస్య ఎంతో ఊహించండి.

ఇప్పుడు 1965. సెప్టెంబర్ 1న జమ్మూ వైపు ఛంబ్ ప్రాంతంలో పాకిస్తాన్ ట్యాంకులు అఖ్నూర్ వైపు దూసుకొచ్చాయి. సైన్యం విమానాల సాయం అడిగింది. రక్షణ మంత్రి వై.బి. చవాన్, వైమానిక దళాధిపతి అర్జన్ సింగ్ నిమిషాల్లో నిర్ణయం తీసుకున్నారు. సాయంత్రం అయిపోతోంది. పఠాన్‌కోట్ దగ్గరలో ఉంది. అక్కడ 45వ స్క్వాడ్రన్ వాంపైర్లు ఉన్నాయి. మిస్టేర్లు అనే ఫ్రెంచి జెట్ ఫైటర్లు కూడా ఉన్నాయి. ముందు వాంపైర్లు వెళ్లాయి. పాకిస్తాన్ దగ్గరున్న అమెరికన్ జెట్ ఫైటర్లు, సేబర్లు, అక్కడికి వచ్చాయి. నాలుగు వాంపైర్లు పడిపోయాయి. ముగ్గురు పైలట్లు చనిపోయారు. ఒకరు పారాచూట్‌తో బయటపడ్డారు.

సేబర్ 1947లో మొదటిసారి ఎగిరింది. వెనక్కి వంగిన రెక్కలు, గంటకి దాదాపు 1,100 కిలోమీటర్ల వేగం. వాంపైర్ 880 దగ్గర ఆగిపోతుంది. వేగంలో 200 కిలోమీటర్ల తేడా ఉంటే మీరు తప్పించుకోలేరు. ఆ నాలుగు విమానాలకి పైన కాపలాగా ఎవరూ లేరు. ఇంకొకటి, ఇందాక ఆపిన విషయం ఇక్కడ చెబుతాను. ఒంటి సీటు వాంపైర్‌లో ఎజెక్షన్ సీటు, అంటే పైలట్‌ని సీటుతో సహా బయటికి విసిరేసే ఏర్పాటు, లేదు. దెబ్బ తగిలితే పైలట్ తల మీది కనోపీ మూత ఊడదీసుకుని చేతులతో బయటికి ఎక్కి దూకాలి. వెనక చూడండి, రెండు బూమ్‌లు, మధ్యలో అడ్డంగా తోక. పొట్టి గొట్టం కోసం పెట్టిన తోక దూకేవాడి దారిలో ఉంటుంది. 1940ల మొదట్లో ఇంజిన్ బలహీనతని దాటడానికి తీసుకున్న ఒక నిర్ణయం 1965లో మన పైలట్ల ప్రాణాల మీదికి వచ్చింది.

ఈ సంగతి ఎవరికీ తెలియదా అంటే, తెలుసు. 1956లో సూయజ్ యుద్ధంలో ఈజిప్టు వాంపైర్లు ఇజ్రాయెల్ సైన్యం మీదికి వస్తే ఇజ్రాయెల్ మిస్టేర్లు వాటిని పడగొట్టాయి. తొమ్మిదేళ్ల కిందటి మాట. మరి ఎందుకు పంపారు? నన్ను అడిగితే, ఆ రోజు సాయంత్రం నిర్ణయం తీసుకున్నవాళ్ల మీద పూర్తి తప్పు పెట్టలేను. చీకటి పడేలోపు ట్యాంకుల్ని ఆపాలి. దగ్గర ఉన్నది అదే. తప్పంతా దానికి ముందు ఏళ్లలో ఉంది. వాంపైర్ ఇంకా యుద్ధరంగంలోని స్క్వాడ్రన్‌లో ఉండటమే తప్పు. ట్రైనింగ్‌కి పంపించి కొన్నేళ్లు అయి ఉండాల్సింది. ఆ దెబ్బతో వాటిని యుద్ధం నుంచి తీసేశారు. నాట్‌లు పఠాన్‌కోట్ వచ్చాయి. సెప్టెంబర్ 3న ట్రెవర్ కీలర్ సేబర్‌ని కొట్టాడని వైమానిక దళం ప్రకటించింది. రెండు రోజుల్లో కథ మారింది.

ప్రశ్నలు ఎవరివైనా ఉన్నాయా? అమ్మా, మీరు అడగండి.

(ప్రశ్న: చెక్కతో చేశారు కదా, మిగతా దేశాల్లో ఎన్నాళ్లు నిలిచింది?)

మీరు ఆశ్చర్యపోతారు. మొత్తం 3,200 పైగా వాంపైర్లు తయారయ్యాయి. ఆస్ట్రేలియా, ఫ్రాన్స్, ఇటలీ, స్విట్జర్లండ్ కూడా లైసెన్స్‌తో చేసుకున్నాయి. సుమారు ముప్పై దేశాలు వాడాయి. స్విట్జర్లండ్ వాళ్లు 1990 దాకా నడిపారు. మన దగ్గర లాగా యుద్ధంలోకి దింపే అవసరం వాళ్లకి రాలేదు. ట్రైనింగ్‌కీ, కాల్పుల సాధన కోసం టార్గెట్ లాగడానికీ వాడుకున్నారు. ఇదే విమానం, ఇదే చెక్క. ఏ పనికి పెట్టామన్నదే తేడా.

(ప్రశ్న: హకీంపేటలో ఎప్పటిదాకా ఉన్నాయి సార్?)

1970ల మధ్య దాకా. తర్వాత అక్కడ ఫైటర్ ట్రైనింగ్‌కి పోలండ్ నుంచి కొన్న ఇస్క్రా ట్రైనర్లు వచ్చాయి. వాంపైర్ చూడాలనుకుంటే ఢిల్లీలో పాలం వైమానిక దళ మ్యూజియానికి వెళ్లండి. వెళ్లినవాళ్లు తోక దగ్గరికి వెళ్లి బూమ్‌ల మధ్య ఖాళీ ఎంతుందో చూడండి. నేను చెప్పిన మాట అక్కడ బాగా అర్థమవుతుంది. ఇంకెవరైనా?